పరీక్ష తప్పే హక్కు

ఒత్తిడి అనే మాట మా వాడలో లేదు. మా అవ్వ ఆ మాట వినకుండానే చచ్చిపోయింది. మా అమ్మ ఇప్పటికీ పలకదు. మాకున్న మాటలు వేరే. గుబులు, దిగులు, బెంగ. కడుపులో దేవుతాంది అనేది ఒకటి. బువ్వ పోతాలేదు అనేది ఇంకొకటి. అప్పులోడు వాకిట్లో నిలబడినప్పుడు, వాన మొగం చాటేసినప్పుడు, ఊళ్లోంచి ‘మీ వాణ్ణి ఒకసారి రమ్మను’ అని కబురొచ్చినప్పుడు మావాళ్ల నోట వచ్చేవి ఈ మాటలే. పరీక్షకూ అవే వాడారు. 2011 ఎండాకాలంలో నేను ఎం.ఏ. ఎంట్రన్సుకు చదువుతూ నాలుగు రోజులు సరిగా తినకపోతే, ఎవురో కన్నేసినారని మా అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టేనని తేల్చేసింది. ఆ ఎంట్రన్సు ఏ చదువుకో, ఎక్కడ రాయాలో ఆమెకు తెలియదు. బిడ్డను ఏదో ఒకటి బయటనుంచి పట్టుకుందని మాత్రం తెలుసు.

నేను తరువాత చదివిన పుస్తకాల కన్నా మా అమ్మ ఈ ఒక్క విషయంలో ముందుందని ఇప్పుడనిపిస్తుంది. దిష్టి నిజమని కాదు. భయం బయటనుంచి వస్తుందని ఆమె నమ్మింది. పుస్తకాలేమో లోపలే పుడుతుందని చెప్పినాయి. తెలుగులో ఒత్తడం అంటే ఒకటి ఇంకోదాన్ని నొక్కడం. ఒత్తేది ఏదో ఒకటి లేనిదే ఒత్తిడి లేదు. కానీ ఆ పుస్తకాల్లో ఒత్తేవాడు ఎక్కడా కనపడడు. నలిగేవాడికి మాత్రం బోలెడు జాగ్రత్తలుంటాయి. రోజూ ఎనిమిది గంటలు నిద్రపోండి. చదువుకోను ఒక గది విడిగా పెట్టుకోండి. పండ్లు తినండి. పొద్దున్నే నడవండి. నిరాశగా మాట్లాడేవాళ్లకు దూరంగా ఉండండి. మా అమ్మ పొద్దున నాలుగింటికే లేచి నడిచేది, పత్తి చేనికి. మా ఇంట్లో ఉన్నది ఒకటే అర్ర. నిరాశగా మాట్లాడేవాళ్లకు దూరంగా ఉండాలంటే నేను మా నాయనకు దూరంగా ఉండాల.

ఎగతాళికి రాయడం లేదు. నిద్ర చాలకపోతే చదివింది నిలవదు, అది శాస్త్రమే. గుండె దడదడలాడేటప్పుడు నిదానంగా ఊపిరి వదిలితే దడ తగ్గుతుంది, అదీ నిజమే. నేనూ పిల్లలకు చెప్తాను. అయితే చెప్పిన ప్రతిసారీ నాలో ఒక ప్రశ్న లేస్తుంది. ఈ పిల్లకు వచ్చిన భయం ఎవరిది? ఆ పిల్ల జబ్బా, ఆ పిల్ల నెత్తిన ఎవరో పెట్టిన మూటా? జబ్బయితే మందు వేసుకోవాల్సింది తనే. మూటయితే దించాల్సింది ఎవరు? వాళ్లు వచ్చి దించేదాకా మోసేవాళ్లకు ఏం చెప్పాల? ఊపిరి పీల్చుకోమని చెప్పడం సాయమా, మోసే పద్ధతి నేర్పడమా?

మా పడమటి కర్నూలు సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాల. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడుబూరు. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత అరవై శాతం, అప్పటి ఉమ్మడి రాష్ట్రం అరవై ఏడు. జిల్లాలో అడుగున ఉండేది ఈ పడమటి మండలాలే, వాటిల్లోనూ ఆడవాళ్లే. ఆదోని పత్తి మార్కెట్టుకు పెద్ద పేరు. జిన్నింగు మిల్లుల చుట్టూ గాలిలో దూది ఎగురుతుంటుంది. ఆ పత్తి పండించే చేలు ఉన్నాయి, తుంగభద్ర దిగువ కాలువ ఉంది. కాలువ నీళ్లు అందరి చేలకూ రావు. చేనే లేనివాళ్లకు అసలే రావు. దీపావళి దాటితే మా ఊళ్లు ఖాళీ అవుతాయి. పిల్లాజెల్లా, చట్టీకుండా, కోళ్లతో సహా లారీలెక్కి గుంటూరు వైపు మిరప కోతలకో, పత్తి తీయడానికో, లేదా బెంగుళూరుకు బిల్డింగు పనులకో పోతారు. ఉగాదికి తిరిగొస్తారు. దీన్ని మేము సుగ్గి అంటాము. సుగ్గికి పోయినారు అంటే ఇంటికి తాళం పడిందని. పక్కనున్న కన్నడంలో ఈ మాటకు పంట కోతల కాలమని అర్థం, పండగని కూడా అర్థం. కోతలు ఇద్దరికీ ఉన్నాయి. పండగ మాత్రం చేను ఉన్నోళ్లకు పోయింది.

నా ఎంట్రన్సు ఫీజు సుగ్గి డబ్బే. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి. ఆదోనిలో రైలెక్కి గుంతకల్లు, గుంతకల్లులో మారి అనంతపురం. కొలకలూరి ఇనాక్ పాఠం చెప్పిన విశ్వవిద్యాలయం అని మా తెలుగు సారొకరు చెప్పినప్పటినుంచి దాని మీద మనసు. ఫీజు, రైలు చార్జీ, పాత ప్రశ్నపత్రాల జిరాక్సులు అన్నీ కలిపి ఎంతయిందో నాకు గుర్తుంది. అది ఎన్ని కిలోల మిరపకాయలో కూడా గుర్తుంది. ఎందుకంటే నేను చదువుతూ చదువుతూ అదే లెక్క వేసుకునేదాన్ని. ఒక గంట చదివితే అమ్మ కోసే కాయలు ఇన్ని. ఒక పూట కునుకు పడితే ఇన్ని. నన్నయ దగ్గర మొదలుపెట్టి తిక్కన దగ్గరికి వచ్చేసరికి నా పుస్తకం మీద కవులు లేరు, తూకం రాళ్లున్నాయి. ఆ చదువు తలకెక్కుతుందా? భయం అంటే సిలబసు భయం కాదది. నేను కూర్చున్నంతసేపూ ఎవరో వంగి ఉన్నారనే భయం.

మా క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి కూడా అదే ఎంట్రన్సుకు చదివింది. వాళ్లకు భూములున్నాయి. మంచి పిల్ల, నాకు గైడు ఇచ్చింది. ఆమెకు గదీ ఉంది, ఫ్యానూ ఉంది, పండ్లూ ఉన్నాయి. చాలా ఏళ్ల తరువాత, టీచరునయినాక, ఒకరోజు అటెండెన్సు రిజిస్టరు పూరిస్తూ ఉన్నట్టుండి నాకొకటి తట్టింది. వాళ్ల చేలో పత్తి తీసింది మా అమ్మ. వాళ్లింటి ఫ్యాను, గది, పండ్లు అన్నీ ఆ పత్తిలోంచే వచ్చినాయి. అంటే ఆ ఎండాకాలం మేమిద్దరమూ చదివింది ఒకే ఆడమనిషి రెక్కల మీద. నేను రోజూ లెక్క వేసుకున్నాను. ఆమెకు లెక్క వేసుకోవాలని కూడా తెలియదు. అప్పు ఇద్దరిదీ అయితే కుంగిపోయింది ఒక్కదాన్నే ఎందుకు?

ఇది ఆ అమ్మాయి తప్పని అనను. లెక్క కనపడకుండా కట్టిన గోడ తప్పు. చదువుకునే తీరిక అనేది ఆకాశంలోంచి ఊడిపడదు. ఎవరో పని చేస్తేనే ఇంకొకరికి తీరిక. ఊళ్లోవాళ్లకు ఆ పని చేసినోళ్లు వాడలో ఉంటారు, అందుకని చదువుకునే బిడ్డ కంటికి ఆనరు. మాకు ఆ పని చేసేది కన్నతల్లే. పొయ్యి ముందర కూర్చుని చేతులకు నూనె పూసుకుంటూ ఎదురుగ్గా కనపడుతుంది. కనపడటం వల్ల మనకు వచ్చిన ఈ బాధను మనం నేరం అనుకుంటున్నాం. నేరం కాదది. ఎరుక. ఎరుక ఉండటం మంచిదే. కానీ ఎరుక ఉన్నవాడే బాకీ మొత్తం తీర్చాలనడం ఏ న్యాయం? తల్లి కష్టం చూసి చదువుకోమని మన పిల్లలకు చెప్తుంటాం కదా, సంఘాల మీటింగుల్లో కూడా చెప్తాం, నాకు ఆ మాట మీద ఇప్పుడు అనుమానం. ఆ కష్టం చూసి చదవాల్సినవాళ్లు అవతల వీధిలో కూడా ఉన్నారు. వాళ్లకెవరూ చెప్పరు.

ఇంకో మాట. డిగ్రీలో ఒక లెక్చరరు, పేరు అక్కరలేదు, నేను భయంగా ఉంది సార్ అంటే నవ్వినాడు. ‘మీకేంలేమ్మా, మీకు రిజర్వేషనుంది, మీకెందుకు భయం’ అన్నాడు. చెడ్డవాడు కాదు, ధైర్యం చెప్తున్నానని అనుకున్నాడు. ఆ మాట తరువాత నా భయం రెండింతలయింది. అంతకుముందు తప్పుతానేమోనని భయం. ఇప్పుడు పాసయినా పాసయినట్టు కాదేమోనని భయం. సీటు వస్తే రిజర్వేషన్ వల్ల వచ్చిందంటారు. రాకపోతే రిజర్వేషనుండి కూడా రాలేదంటారు. ఊళ్లో రెడ్డిగారబ్బాయి పరీక్ష తప్పితే అబ్బాయి తప్పినట్టు. మేము తప్పితే మాదిగలు తప్పినట్టు. ఇటు వాడలోనూ అంతే. మా వీధిలో డిగ్రీదాకా వచ్చిన మొదటి ఆడపిల్లను నేను. నేను తప్పితే వెనకాల ఉన్న ఇరవైమంది ఆడపిల్లల్ని బడి మాన్పించను ఒక సాకు దొరుకుతుంది. ‘ఆయమ్మి సదివి ఏం పొడిసిందని’ అంటారు. ఒక పరీక్ష హాల్లో ఒక మనిషి కూర్చోవాల. మా పిల్ల కూర్చుంటే ఒక కులమూ, ఒక వీధీ, ఇంకా పుట్టని పిల్లలూ కూడా ఆ కుర్చీలోనే ఇరుక్కుని కూర్చుంటారు. రాసేందుకు చెయ్యి ఎట్ల కదులుతుంది?

అందుకే నేను అనేది, పాసయ్యే హక్కు గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. తప్పే హక్కు గురించి మాట్లాడుకోలేదు. మనిషి ఒక పరీక్ష తప్పి, తప్పానని చెప్పుకుని, రెండురోజులు ఏడ్చి, మళ్లీ పుస్తకం తీయగలిగితే వాడు స్వతంత్రుడు. ఒకసారి తప్పితే మళ్లీ పుస్తకం తీసే వీలు లేనివాడికి ఆ మొదటిసారే చావుబతుకుల పరీక్ష అవుతుంది. సమానత్వం అంటే హాలులో ఒకే ప్రశ్నపత్రం ఇవ్వడం అనుకుంటారు. ప్రశ్నపత్రం ఒకటే. తప్పితే పడే లోతు ఒకటి కాదు.

అంబేద్కర్ ఫోటో మన ప్రతి వాడలో ఉంది. కోటు, పుస్తకం, చూపుడువేలు. ఆయన డిగ్రీల జాబితా పిల్లలకు కంఠస్థం. ఆయన మార్కులు ఎవరూ చెప్పరు. 1907లో మెట్రిక్యులేషను పాసయినప్పుడు ఆయనకు వచ్చింది 750కి 282. శాతం కడితే ముప్పయ్యెనిమిది లోపు. ఇప్పుడు మన వీధుల్లో తిరిగే కార్పొరేట్ కాలేజీ ఏజెంటు ఆ మార్కుల షీటు చూస్తే గేటు దగ్గరనుంచే పంపేస్తాడు. కానీ ఆనాడు ఆయన కులంవాళ్లు, స్నేహితులు సభ పెట్టి సంబరం చేసినారు. బరోడా మహారాజు స్కాలర్‌షిప్పుతో 1913లో కొలంబియాకు పోయినాడు. అక్కడినుంచి లండన్ పోతే 1917లో స్కాలర్‌షిప్పు గడువు అయిపోయి చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. బరోడాలో ఉద్యోగం ఉంది, అద్దెకు ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో పేరు దాచుకుని ఉంటే కర్రలతో వచ్చి తరిమినారు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కొంత వెనకేసి, కొల్హాపూర్ షాహు మహారాజ్ సాయంతో, ఒక పార్సీ స్నేహితుడిచ్చిన అప్పుతో 1920లో మళ్లీ లండన్ పోయినాడు. 1923లో ఆయన డి.ఎస్సీ. సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షకులు ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోలేదు. మార్చి ఇమ్మన్నారు. మార్చి పంపినాడు, అదే ఏడు డిగ్రీ వచ్చింది.

నేను క్లాసులో ఈ భాగమే చెప్తాను. వెనక్కి వచ్చిన గ్రంథం, ఆగిపోయిన స్కాలర్‌షిప్పు, 282 మార్కులు. ఫోటోలో ఉన్న మనిషి కన్నా ఈ మనిషి మా పిల్లలకు దగ్గరగా ఉంటాడు. ఇంకొకటి కూడా చెప్తాను. ఆయన లండన్ లైబ్రరీలో అర్ధాకలితో చదివేటప్పుడు బొంబాయిలో రమాబాయి అంతకన్నా తక్కువ తిని ఇల్లు నెట్టుకొచ్చింది. బిడ్డల్ని పోగొట్టుకుంది. 1935లో పోయింది. తరువాత రాసిన ‘థాట్స్ ఆన్ పాకిస్తాన్’ ఆయన ఆమె జ్ఞాపకానికి అంకితమిచ్చినాడు. లెక్క ఆయనకూ కనపడింది. కనపడినా చదువు ఆపలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించమంటాను. మగపిల్లలు అంబేద్కరు గురించి అడుగుతారు. ఆడపిల్లలు రమాబాయికి ఎవరు చదువు చెప్పినారని అడుగుతారు. జవాబు కష్టమే.

చట్టానికి ఈ తప్పే హక్కు గురించి కొంచెం తెలుసు. సివిల్ సర్వీసుల పరీక్షలో జనరల్ వాళ్లకు ఆరు ప్రయత్నాలు, ఓబీసీలకు తొమ్మిది, ఎస్సీ ఎస్టీలకు వయసు దాటేదాకా ఎన్నిసార్లయినా. చూసినవాళ్లు ఏడుస్తారు, ఎన్నిసార్లయినా అంటగదా అని. ఆ ఎన్నిసార్లలో రెండోసారికి బువ్వ ఎవరు పెట్టాల అనేది చట్టంలో రాయలేదు. మా దగ్గర రెండోసారి అనేది లేదు. నాకు అనంతపురంలో సీటు రాలేదు. మళ్లీ రాయమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. బి.ఎడ్. చేసి, డీఎస్సీ రాసి టీచరునయినాను. ఎం.ఏ. తరువాత అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, ఆదివారాలు చదివి తెచ్చుకున్నాను. ఆ పేరున్న విశ్వవిద్యాలయమే తప్పినవాళ్లకు తలుపు తెరిచి పెట్టింది చూడండి.

ఇక్కడ పోయినవాళ్ల గురించి రాయకుండా ముందుకు పోలేను. 2008లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సెంథిల్ కుమార్. అదే చోట 2016 జనవరి 17న రోహిత్ వేముల. ఫెలోషిప్పు ఆగి, హాస్టలు నుంచి వెలేస్తే క్యాంపసులోనే వెలివాడ కట్టుకుని పడుకున్న పిల్లల్లో రోహిత్ ఒకడు. 2017 సెప్టెంబరులో తమిళనాడు అరియలూరు జిల్లాలో అనిత. ప్లస్ టూలో 1200కి 1176 తెచ్చుకున్న కూలివాళ్ల బిడ్డ. ఆ మార్కులతో మెడిసిన్ సీటు వచ్చేది, ఆ ఏడు కొలబద్ద మార్చి నీట్ అన్నారు. ఈ పేర్లను మనం నినాదాలుగా వాడుకున్నాం. వాడుకోవాల. కానీ మా వాడలో ఈ పేర్లు ఇంకో పని కూడా చేస్తున్నాయి. ‘పెద్ద సదువులకు పోతే బిడ్డ దక్కడు’ అని తల్లులు అనుకుంటున్నారు. మన పిల్లలు చావడానికే చదువుతారన్నట్టు మనమే కథ కట్టకూడదు. బతికి, తప్పి, మళ్లీ రాసి, మామూలుగా ఎం.ఏ. చేసి, మామూలుగా ఏదో ఒక ఊళ్లో ఉద్యోగం చేసుకునేవాళ్ల కథలు మన సంకలనాల్లో తక్కువ. మామూలుగా ఉండటం కూడా మనకు పోరాటమే అయిందాయె.

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న సంస్థల్లో కౌన్సిలర్ ఉండాలని చెప్పింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని వేరే బ్యాచీలుగా విడగొట్టి అవమానించొద్దని చెప్పింది. మంచిదే. 2022 నుంచి టెలీ మానస్ ఫోను ఉంది, 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఈ వ్యాసం చదివే విద్యార్థులు ఆ నంబరు రాసి పెట్టుకోండి, రాత్రిపూట గోడలు మీదికొస్తున్నట్టు ఉంటే చేయండి. సిగ్గుపడొద్దు. నేను ఇంతసేపు బరువు గురించి మాట్లాడినానని మందు వద్దన్నట్టు కాదు. మూట మోసి నడుము పట్టేసినవాడికి మూట గురించి ఉపన్యాసం ఒకటే చెప్తే సరిపోదు, ముందు నడుముకు కాపడం పెట్టాల. ఆ కౌన్సిలర్ కుర్చీలో కూర్చునే మనిషికి సుగ్గి అంటే ఏమిటో తెలుసా అనేది నా అనుమానం. తెలియకపోతే అతను కూడా ఎనిమిది గంటలు నిద్రపొమ్మనే చెప్తాడు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తాను.

మా బడి ఉన్న ఊళ్లో ఒక అమ్మాయి ఉంది. ఎమ్మిగనూరులో డిగ్రీ చేసింది. నన్ను బడిలో మేడమ్ అంటుంది, ఇంటికొస్తే అక్కా అంటుంది. సెంట్రల్ యూనివర్సిటీలో సోషియాలజీ చదవాలని కోరిక. 2022 నుంచి ఆ విశ్వవిద్యాలయాల పీజీ సీట్లకు దేశమంతా ఒకటే ఎంట్రన్సు పెట్టినారు కదా, సీయూఈటీ. అది మార్చిలో. మార్చి అంటే మిరప కోతలు ముమ్మరంగా ఉండే నెల. ఇంట్లో తల్లి, తండ్రి, ఈ అమ్మాయి, చెల్లెలు. నలుగురికీ కలిపి తండ్రి మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకున్నాడు. పరీక్షా, సుగ్గా అని నేను తల పట్టుకుని కూర్చుంటే ఆ పిల్ల అప్లికేషనులో పరీక్ష రాసే ఊరు దగ్గర గుంటూరు అని పెట్టింది. ‘యాడ పని చేస్తానో ఆడే రాస్తానక్కా’ అనింది. నాకు ఆ తెలివికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చేని గట్టున గుడారం. మోటారు షెడ్డులో ఫోనుకు చార్జింగు. పగలు కోత, రాత్రి ఫోనులో పాఠాలు. పరీక్షకు ముందురోజు కూడా మధ్యాహ్నందాకా కోసింది. కంప్యూటరు మీద పరీక్ష. ఒప్పు పెడితే నాలుగు మార్కులు, తప్పు పెడితే ఒకటి కోత. మిరప ఘాటు చేతులకు పట్టి ఎంత కడిగినా పోక, కండ్లు తుడుచుకుంటే మండుతుందని తుడుచుకోకుండా రాసిందంట. ఇవన్నీ నేను అడిగితే చెప్పింది, తనంతట తాను చెప్పలేదు. 2025లో సీటు రాలేదు. దగ్గరిదాకా పోయింది.

నేను వాళ్ల నాయన దగ్గరికి పోయినాను. ఇంకొక్కసారి రాయనీ అన్నా, ఈసారి సుగ్గికి తీసకపోవద్దు, ఇంటికాడ ఉండి చదువుకోనీ అని అడిగినాను. తప్పే హక్కు గురించి ఈ వ్యాసంలో ఉన్నదంతా నాకు వచ్చిన భాషలో చెప్పినాను. ఆయన వింటూ కూర్చున్నాడు. అంతా అయినాక అన్నాడు:

‘టీచరమ్మా, పెద్దమ్మి ఇంటికాడుంటే ఆయమ్మి కూలి ఎవురు చేయాల? సిన్నమ్మిని పెట్టాల. సిన్నమ్మి నీ క్లాసులోనే ఉండాది కదా. ఈమె సదువుకు ఆమె సదువు ఇమ్మంటావా?’

నేను గంటసేపు చెప్పిందంతా ఆ ఒక్క మాట ముందు నిలబడలేదు. చిన్నపిల్ల ఏడో తరగతి. రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా కార్తీకం నుంచి ఉగాదిదాకా ప్రతి ఏడూ ఖాళీ. గణితంలో అక్కను మించింది. ఒకరి తప్పే హక్కును ఇంకొకరి చదివే హక్కుతో కొనాల్సి వస్తే అది హక్కెట్లయితుంది? నేను ఊళ్లోవాళ్ల తీరిక గురించి రాసిన మాట తిరిగి నా మీదికే వచ్చింది. ఎవరో పని చేస్తేనే ఇంకొకరికి తీరిక అన్నాను కదా. ఇక్కడ ఆ ఎవరో పన్నెండేళ్ల పిల్ల.

చాలామంది మన మేధావులు ఇక్కడ త్యాగం అనే మాట తెస్తారు. ఒకరు వెలిగితే నలుగురికి వెలుగు అంటారు. నేను ఒప్పుకోను. త్యాగం ఇష్టంతో చేసేది. ఏడో తరగతి పిల్లను అడక్కుండా లారీ ఎక్కిస్తే త్యాగం కాదు. అట్లాగని పెద్దపిల్లను నువ్వు ఆగిపో అనడానికీ నాకు నోరు రాదు. ఈ ఇద్దరక్కచెల్లెళ్లలో ఎవరిది న్యాయం అని ఆ ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పమనడమే అసలు అన్యాయం. ఆ ప్రశ్న వాళ్లింట్లోకి ఎవరు తెచ్చి పడేశారు? ఆ ఇంటికి మూడెకరాల నీళ్లపారుదల చేను ఉంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదు. తండ్రిని మూర్ఖుడు అనేవాళ్లు, పిల్లల చదువు విలువ తెలియదనేవాళ్లు మా స్టాఫ్ రూములోనే ఉన్నారు. ఇద్దరి చదువులను పక్కపక్కన పెట్టి తూచినవాడు ఆయనొక్కడే. మేమంతా ఒక్క పిల్లనే చూసినాం.

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టినాడు. అది మా కులంవాళ్ల కోసం కాదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ అందులో ఒక ఆలోచన ఉంది. నూలు కొనేదీ, బట్ట అమ్ముకునేదీ ఒంటరిగా కాకుండా అందరూ కలిసి చేస్తే ఒక ఇంటికి వచ్చిన నష్టం ఆ ఒక్క ఇంటినే ముంచదు. పరీక్షలకు అట్లాంటి సంఘం మనకెందుకు లేదు? మన సంఘాలు ర్యాంకు వచ్చినవాడికి శాలువా కప్పుతాయి. సీటు వచ్చినోడికి ల్యాప్‌టాప్ ఇస్తాయి. వాళ్లకు అప్పటికే దారి దొరికింది. తప్పినవాడికి రెండో ఏడు కూలి ఎంత పోతుందో లెక్కగట్టి, ఆ కూలి ఇంట్లో పెట్టి, నువ్వు మళ్లీ రాయి అన్న సంఘాన్ని నేను చూడలేదు. ఉద్యోగాలు వచ్చినవాళ్లం ఇప్పుడు మండలానికి పదిమందిమన్నా ఉన్నాం. ఏప్రిల్ 14న ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో సగం చాలేమో. ఇది విరాళం అని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఆ బాకీలో మా వంతు మేము కట్టడమే. అవతల వీధివాళ్ల వంతు ప్రభుత్వం వసూలు చేసి కట్టాల, దాన్ని అడగడం మానకూడదు. మనమే కట్టుకుంటూ పోతే వాళ్లు ఇంకా హాయిగా మరిచిపోతారు.

ప్రభుత్వం వంతు అంటే నా దృష్టిలో మొదటిది, సుగ్గికి పోయే ఇళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టలు. తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా పిల్లలు ఊళ్లోనే ఉండి తిని చదువుకునే ఏర్పాటు. ఉంది. అయితే లారీలు పోయినాక తెరిస్తే లోపల ఎవరుంటారు? పోయిన ఏడు మా ఊళ్లో అదే జరిగింది. ఈ ఏడు దసరాకు ముందే నేనూ, ఇంకో ఇద్దరు టీచర్లమూ పేర్ల జాబితా రాసి, సంతకాలు పెట్టించి, పై ఆఫీసుకు ఇచ్చి వచ్చినాం. నలభైమూడు పేర్లు. చిన్నపిల్ల పేరు ఆరోది.

రెండు మూడు టీచర్ల ఇళ్లనుంచి పెద్దపిల్లకు నెలనెలా కొంత అనుకున్నాం. పేరు పెట్టలేదు, రశీదు పుస్తకం లేదు. ఆ పిల్ల ఈసారి పరీక్ష రాసే ఊరు కర్నూలు పెడతానంటోంది. పాత ప్రశ్నపత్రాలు మా ఇంట్లో కూర్చుని రాస్తోంది. రాత్రి పదకొండు దాటితే నేనే లైటు తీసేస్తాను. నిద్రపొమ్మంటాను. ఎనిమిది గంటలు అని మాత్రం అనను.

మొన్న మేస్త్రీ వచ్చి పోయినాడు. ఆ ఇంటాయన ఈసారి నలుగురికి కాదు, ముగ్గురికి డబ్బు తీసుకున్నాడు. ఆ మూడో మనిషి ఎవరన్నా అని అడిగినాను.

‘హాస్టలు తెరవనీ టీచరమ్మా,’ అన్నాడు. ‘అప్పుడు జెప్తా.’